థీసిస్ మొదలుపెట్టే ముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

మీ అమ్మ రాత్రి ఫోన్ల చెప్పింది, నువ్వు థీసిస్‌కి పెద్దాపరేషన్ అయిన తల్లుల కుట్లు, వాళ్ళ పసిపిల్లల ఇన్ఫెక్షన్లు రెండూ చూస్తానంటున్నవంట. మస్తు సంబురమైంది, కానీ నిద్ర మాత్రం పట్టలే, అందుకే పొద్దుగాల్నే రాస్తున్న.

ఎథిక్స్ కమిటీ పర్మిషన్ రాకముందు ఒక్క పేరు కూడా రాసుకోకు. పసిపిల్లల బ్లడ్ కల్చర్, అంటే రక్తంల క్రిములున్నయా అని చూసే పరీక్షకు రక్తం, యాంటీబయోటిక్ మొదటి డోసుకు ముందే తియ్యాలె, కనీసం 1 మి.లీ. ఉండాలె. గివి నీకు తెల్సినవే.

ఇగ అసలు సంగతి. నేను హెడ్ సిస్టర్‌గ చేసిన ఒక ఆస్పత్రిల అప్పట్ల ఒక పీజీ సార్ గిసొంటి పనే పెట్టుకున్నడు. మంచోడే, రాత్రిళ్ళు కూడా వార్డులనే ఉండేటోడు. కుట్లు విప్పి ఇంటికి పంపుడుతోని "బాగైంది" అని రాసి రిజిస్టర్ మూసేటోడు. ఆయన లెక్కల చీము పట్టినోళ్ళు చాన తక్కువ, అందరు మెచ్చుకున్నరు. డ్రెస్సింగ్ రూంల మేం చూసింది వేరే. రెండో వారం, మూడో వారం ములుగు దిక్కుకెల్లి, ఏటూరునాగారం దిక్కుకెల్లి అదే తల్లులు కుట్లు ఊడి, చీర తడిసి వచ్చేటోళ్ళు, వేరే యూనిట్ ఓపీ రోజైతే వేరే రిజిస్టర్ల పడేటోళ్ళు, కొందరు అసలు రాకుంట ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గర్నే సూదులు ఏపిచ్చుకునేటోళ్ళు. కోత పెట్టినంక 30 రోజుల లోపు వచ్చిన ఇన్ఫెక్షన్ ఆపరేషన్ లెక్కలకే రావాలె, పసిపిల్లకేమో 28 రోజులు, మరి వారానికే చూసుడు బంద్ చేస్తే ఆ లెక్క ఎవరికి పనికొస్తది చెప్పు?

మన దిక్కు బాలింత తల్లిగారింటికి పోతది. కేస్ షీట్ల ఉండేది అత్తగారి ఊరు, ఫోన్ నంబరు మొగనిది, ఆయన పనికి హైదరాబాద్‌ల ఉంటడు. అందుకే ఆమె తల్లిగారి ఊరు, ఆమె అమ్మ నంబర్, ఆ ఊరి ఆశా వర్కర్ నంబర్ మూడూ రాసుకో. "బాగున్నరా" అని అడగకు, బాగున్నమనే అంటరు. చీర తడుస్తుందా, వాసనొస్తుందా, పాప పాలు గట్టిగ గుంజుతుందా, ఒళ్ళు చల్లబడ్డదా, మబ్బుగ పడి ఉంటుందా అని అడుగు. మేడారం జాతర వారం ఎవ్వరు ఫోన్ ఎత్తరు, ముందే చూసుకో. ఊర్లల్ల గిది అయ్యే పని కాదని ఎవరన్నా అంటే ఒడిశా స్టడీ చూపెట్టు, 4,500 పైచిలుకు పసిపిల్లలకి ప్రొబయోటిక్ (కడుపుకు మంచిచేసే బ్యాక్టీరియా) మీద చేసింది, 2017ల నేచర్ అనే సైన్సు పత్రికల వచ్చింది, పిల్లల్ని 60 రోజులు ఇడువకుంట చూసుకున్నరు.

నా భయం ఇంకోటి, స్టడీల చేరుతమని తల్లులు పెట్టే సంతకం. మత్తు దిగని తల్లి ముంగట, నొప్పులు పడుతున్న తల్లి ముంగట కాగితం పెట్టకు. అత్త, మొగడు పక్కనున్నా ఆమెతోనే మాట్లాడు. వేలిముద్రైతే మీ టీంకు సంబంధం లేని సాక్షి ఉండాలె. వద్దన్నదా, మొఖం మార్చకు, ట్రీట్‌మెంట్ల ఇసుమంత తేడా రావద్దు. కిలో బరువున్న పిల్ల ఒంట్ల రక్తమే 90 మి.లీ. దాక ఉంటది, స్టడీ కోసమని ఇంకో సూది గుచ్చుడు నాకు అస్సలు ఇష్టం లేదు, వార్డోళ్ళు తీసినప్పుడే నీది కూడా తీసుకో. గిదొక్కటి కోపంగనే చెప్తున్న.

యాళ్ళకు తినమంటే తినవు, డ్యూటీల చాయ్ మీదనే బతుకుతున్నవంట, అది బంద్ చెయ్. తెలుగు కన్సెంట్ ఫారం తయారైనంక కమిటీకి ఇచ్చే ముందు నాకు వాట్సాప్‌ల పంపు, మా పక్కింటి బాలింతకు చదివి వినిపిస్త, ఆమెకు యాడ అర్థం కాలేదో గీత కొట్టి పంపుత.

నీ పెద్దమ్మ, హన్మకొండ