కొనుగోలు విభాగంలో ఉద్యోగానికి ఇంజినీరింగ్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది. హైదరాబాద్ జీడిమెట్లలో పంపులు తయారుచేసే కంపెనీలో వెండర్ డెవలప్‌మెంట్ ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. షెడ్డులన్నీ తిరిగి సరుకు కొనే పనట. దీనికి నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదవాలా? పర్చేజ్ అంటేనే లంచాలని బంధువులు భయపెడుతున్నారు. ఆమె స్నేహితులంతా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. చేరమనాలా, వద్దా?
– ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: మాస్టారూ, చేరమనండి. ఈ సలహాలు చెప్పే పనిలోకి రాకముందు నేను ఫ్యాక్టరీల్లో పదకొండేళ్లు ఇదే ఉద్యోగం చేశాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పంపునే తీసుకోండి. బాడీ, నీటిని తోసే చక్రం (ఇంపెల్లర్) ఫౌండ్రీలో పోతపోసి తెస్తారు. షాఫ్ట్‌కు కావలసిన రాడ్డు ఒకచోట కొంటారు, లేత్ మీద సైజుకు తెచ్చేది ఇంకొకచోట. బేరింగులు, సీళ్లు, బోల్టులు అన్నీ బయటివే. చాలా కంపెనీల్లో సొంత షెడ్డులో జరిగేది కొంత మెషినింగ్, బిగింపు, టెస్టింగ్, పెయింటింగ్. పంపు పదేళ్లు నడుస్తుందా, ఆరు నెలలకే మొరాయిస్తుందా అన్నది చాలావరకు వేరేవాళ్ల షెడ్డులోనే తేలిపోతుంది. ఆ షెడ్డుకు వెళ్లి, వీళ్లు మన డ్రాయింగ్ ప్రకారం చెయ్యగలరా, వచ్చే ఏడాదీ ఇలాగే చెయ్యగలరా అని చూసి చెప్పాల్సింది మీ అమ్మాయి. మెటలర్జీ (లోహశాస్త్రం), టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో) తెలియనివాళ్లు ఆ మాట చెప్పలేరు.

ధర చూసి మోసపోవడం ఎంత తేలికో నా అనుభవమే చెబుతాను. ఉద్యోగంలో రెండో ఏడు. కిలోకు 12 రూపాయలు తక్కువ చెప్పిన ఫౌండ్రీకి 200 క్యాస్టింగులు, అంటే పోతపోసిన భాగాలు, ఆర్డర్ ఇచ్చాను. ఒక్కోటి 20 కిలోలు. మొత్తం 48,000 రూపాయలు మిగిల్చానని మేనేజర్ మెచ్చుకున్నారు. క్యాస్టింగులు వచ్చాయి, పైకి బాగానే ఉన్నాయి. మెషిన్ ఎక్కించి పొర తీశాక 30 పీసుల్లో బ్లోహోల్స్, అంటే లోపల గాలి చేరి ఏర్పడిన బొక్కలు, బయటపడ్డాయి. ఫౌండ్రీ వాళ్లు ఆ 30 క్యాస్టింగులూ మార్చి ఇచ్చారు. కానీ ఒక్కోదానికి మేము పెట్టిన 1,500 రూపాయల మెషినింగ్ ఖర్చు ఎవరిస్తారు? 45,000 అక్కడే పోయింది. డిస్పాచ్ మూడు వారాలు ఆలస్యమైంది, కస్టమర్ తర్వాతి ఆర్డర్ ఇవ్వలేదు. నేను ఆ ఫౌండ్రీకి ఒక్కసారైనా వెళ్లి అచ్చులు కట్టే ఇసుకలో తేమ ఎలా చూస్తున్నారో, కరిగిన లోహం వేడి కొలుస్తున్నారో లేదో చూడలేదు. కొటేషన్ మాత్రమే చూశాను. ఆ తప్పు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తర్వాత ఏ సప్లయర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆఫీసు గదిలో కూర్చోవడం మానేశాను. కాఫీ తర్వాత తాగుతామని చెప్పి నేరుగా షాప్‌ఫ్లోర్ మీదికి. మొదట చూసేది రిజెక్షన్ పీసులు ఎక్కడ పెట్టారని. ఎర్ర డబ్బాలో విడిగా, మీద కారణం రాసి ఉంటే మంచి గుర్తు. "మా దగ్గర రిజెక్షనే ఉండదండీ" అంటే మాత్రం జాగ్రత్తపడాలి. తర్వాత మైక్రోమీటర్ (సన్నని కొలతలు తీసే పరికరం) సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి అంటించే కాలిబ్రేషన్ స్టిక్కర్, దాని తేదీ. మెషిన్ దగ్గర ఉన్న డ్రాయింగ్ మనం ఆఖరుగా పంపినదేనా, పాతదా? ఒక పీసు చేతిలోకి తీసుకుని ఇది ఏ హీట్‌లో (లోహం కరిగించిన ఏ విడతలో) పోసిందని అడిగితే రికార్డు చూపించగలరా? ఆపరేటర్‌తో రెండు మాటలు మాట్లాడితే ఓనర్ చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి. ఒక్క కస్టమర్ మీదే బతికే షెడ్డు, మనల్ని పట్టించుకోనంత పెద్ద కంపెనీ, రెండూ ఇబ్బందే. ఇవన్నీ చూశాకే ధర మాట. శాంపిల్ నెగ్గాక చిన్న లాట్, అదీ నెగ్గాకే పూర్తి ఆర్డర్.

సప్లయర్ ఎంపిక అయ్యాక కూడా పని ఉంటుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో విడిభాగాలు చేసే ఐసిన్ సెయికి కంపెనీ కరియా కర్మాగారానికి నిప్పంటుకుంది. టొయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. నిల్వ లేక టొయోటా లైన్లు ఆగిపోయాయి. మిగతా సప్లయర్లు, చివరికి కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా, తమ మెషిన్ల మీద ఆ వాల్వు తయారుచేసి ఇచ్చి వారం తిరిగేలోగా లైన్లు మళ్లీ కదిలేలా చేశారు. ఒకే చోట ఆధారపడితే ఏమవుతుందో ఇక్కడ తెలుస్తుంది. సప్లయర్లతో ఏళ్ల తరబడి నమ్మకంగా ఉన్నవాళ్లకే అలాంటి సాయం అందుతుందన్నది నా అభిప్రాయం.

ఆ నమ్మకం ముందు డబ్బు దగ్గర పోతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. అయినా బిల్లు కోసం నెలల తరబడి తిరిగే చిన్న ఓనర్లను చూశాను. జీతాలివ్వడానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినవాళ్లూ ఉన్నారు. బిల్లు ఎక్కడ ఆగిందో అకౌంట్స్‌లో అడిగి కదిలించడం మీ అమ్మాయి ఉద్యోగంలో భాగమే. అలా చేసే ఇంజినీర్ అర్ధరాత్రి ఫోన్ చేసినా సప్లయర్ ఎత్తుతాడు.

లంచాల భయం నిజమే, దాచను. దసరాకు స్వీట్ల డబ్బాతో మొదలై కవర్ల దాకా వస్తుంది. స్వీట్లొస్తే ఆఫీసులో అందరి ముందూ పెట్టమనండి. అంతకు మించి ఏదొచ్చినా అదే రోజు తిప్పి పంపి, బాస్‌కు మెయిల్ రాయమనండి. ధర చర్చకు ఒంటరిగా కూర్చోవద్దు. ఎవరిని ఎందుకు ఎంపిక చేశారో కాగితం మీద ఉండాలి. మొదటి ఏడాది ఇలా ఉంటే ఆ తర్వాత ఎవరూ అడగరు. దూరపు షెడ్డులకు కంపెనీ బండిలో, క్వాలిటీ వాళ్లతో కలిసి వెళ్లేలా ముందే అడగడంలో మొహమాటం వద్దు.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువే ఉండొచ్చు. ఆ పోలికతో ఆమెకు టెన్షన్ పెట్టకండి. క్యాస్టింగ్, ఫోర్జింగ్ (లోహాన్ని కొట్టి రూపం తేవడం), హీట్ ట్రీట్‌మెంట్ (వేడితో లోహం గుణం మార్చడం) చేతితో తాకి నేర్చుకున్నవాళ్లకు పెనుకొండ కియా చుట్టుపక్కల, శ్రీసిటీలో, జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ దగ్గర, విదేశాల్లోనూ పని ఉంటుంది. రెండేళ్లయ్యాక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. వాహన రంగం వైపు వెళ్లాలంటే ఐఏటీఎఫ్ 16949 (ఆ రంగపు నాణ్యతా ప్రమాణం), పీపాప్ (కొత్త భాగాన్ని ఉత్పత్తికి ముందు ఆమోదించే పద్ధతి) నేర్చుకోవాలి. ఇప్పుడే సర్టిఫికెట్ల వెంట పడొద్దు.

చేరే ముందు ఒక్కటి మాత్రం హెచ్ఆర్‌ను అడగమనండి: "నెలలో ఎన్ని రోజులు సప్లయర్ల దగ్గర ఉంటాను, ఎన్ని రోజులు పర్చేజ్ ఆర్డర్లు టైప్ చేస్తాను?" అంతా కంప్యూటర్ ముందే అని చెబితే, మొదటి ఆరు నెలలు ఇన్‌కమింగ్ క్వాలిటీ (వచ్చిన సరుకు తనిఖీ) విభాగంలో వెయ్యమని కోరమనండి. వచ్చిన సరుకులో తప్పు పట్టుకోవడం అక్కడే బాగా అలవాటవుతుంది.