ఆరుగురిలో ఐదోవాణ్ని, గుండెకు ముప్పేనా?

నమస్తే అండీ. తోబుట్టువులు ఎక్కువుంటే గుండెజబ్బు ముప్పు ఎక్కువని ఒక అధ్యయనం చెప్పిందని రాశారు; ఆరుగురు పిల్లల్లో ఐదోవాణ్ని కాబట్టి గుండెపోటు ఖాయమేమోనని టెన్షన్ పడుతున్నారు. కాస్త స్థిమితపడండి. మీరు చెప్పింది 2021లో వచ్చిన స్వీడన్ అధ్యయనం అయ్యుండాలి. 1932-60 మధ్య పుట్టిన దాదాపు 27 లక్షల మందిని 1990 నుంచి పాతికేళ్లు రికార్డుల్లో గమనించారు. నలుగురు, అంతకు మించి తోబుట్టువులున్న మగవాళ్లలో గుండెకు రక్తం అందించే నాళాల జబ్బు, తోబుట్టువులే లేనివాళ్ల కంటే ఎక్కువగా కనిపించింది. ఒకరిద్దరే ఉన్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు మొత్తంగా తక్కువ.

అది లక్షలమంది లెక్క, మీ జాతకం కాదు. మేమూ ఏడుగురం. అమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే ఆఖరివాడి వంతు వచ్చేసరికి పప్పు అయిపోయి చారే మిగిలేది. అసలు కిటుకు పిల్లల సంఖ్యలో కన్నా ఆ ఇంటి రాబడిలో, తిండిలో ఉందని నా అనుమానం.

డాక్టరు అడిగేది వేరు: నాన్నగారికి 55 లోపు, అమ్మగారికి 65 లోపు గుండె జబ్బు వచ్చిందా అని. బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకోండి. నడుము 90 సెంటీమీటర్లు దాటిందేమో టేపుతో కొలవండి, ప్యాంటు సైజును నమ్మకండి. సిగరెట్ అలవాటుంటే ముందు అది మానాలి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్టును కలవండి.