రాడార్ పాతబడిన చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. క్లాసులో సెమినార్ ఇచ్చినప్పటి నుంచి రాడార్ల మీద, అందులోనూ మిలిటరీ రాడార్ల మీద పనిచేస్తానని పట్టుబట్టింది. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తయారవుతున్నారు. రాడార్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది కదా, అందులో కొత్తగా చేయడానికి ఏం మిగిలింది, ఉన్న ఆ నాలుగు ఉద్యోగాలూ ఏఐ వస్తే పోవా అని మా టెన్షన్. ఆమెను ఎలా ఒప్పించాలో చెప్పండి.

జవాబు: మీరు నన్ను మీ తరఫు లాయరుగా పెట్టుకున్నారు గానీ, కేసు చదివాక నేను అవతలి పార్టీలో చేరిపోయాను. పూర్తిగా కాదు, ముప్పావు వంతు. మిగతా పావు వంతులో మీ భయం న్యాయమైనదే. దాని సంగతీ చెబుతాను.

ముందు 'పాతది' అన్న మాట. నిజమే, మీరు అనుకున్నదానికంటే పాతది. రేడియో తరంగాలతో ఓడలను పసిగట్టే పరికరానికి క్రిస్టియన్ హుల్స్‌మయర్ అనే జర్మన్ 1904లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్ వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ బీబీసీ ట్రాన్స్‌మిటర్ ప్రసారాన్నే వాడుకుని, పైన తిరుగుతున్న హేఫర్డ్ బాంబర్ విమానం ప్రతిధ్వనిని పట్టుకున్నారు. అయిదేళ్ల తర్వాత బ్రిటన్ ఆకాశానికి కాపలా కాసింది ఆ ప్రయోగంలోంచి పుట్టిన రాడార్ల వరసే.

అప్పటి నుంచి ఇప్పటివరకు మారనివి రెండు. పంపిన పల్స్ తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలవడమే ఇప్పటికీ పని. ఒక మైక్రోసెకను ఆలస్యమైతే లక్ష్యం 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండోది కాస్త కఠినమైనది. ప్రతిధ్వని బలం దూరం నాలుగో ఘాతం చొప్పున పడిపోతుంది. అంటే చూపు రెట్టింపు దూరం ఆనాలంటే పవర్ 16 రెట్లు కావాలి. ఈ లెక్క ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. మారిందల్లా దీంతో తలపడే తీరు. ఆ తీరు మారుతూనే ఉంది కాబట్టే ఇంజినీర్లకు పని దొరుకుతోంది.

సినిమాల్లో రాడార్ అంటే గిర్రున తిరిగే పళ్లెం. అది ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా క్షిపణి కిలోమీటర్లు దాటేస్తుంది. దీనికి విరుగుడుగా వచ్చింది ఫేజ్డ్ అర్రే. పళ్లెం బదులు ఒక చదును పలక, దాని నిండా వందలు, వేల సంఖ్యలో బుల్లి యాంటెన్నాలు. ఒక్కొక్కటీ పక్కదానికంటే రవ్వంత ఆలస్యంగా తరంగాన్ని వదిలితే మొత్తం కిరణం ఓ పక్కకు ఒరుగుతుంది. ఏ మోటారూ కదలదు, మైక్రోసెకన్లలో చూపు మారిపోతుంది. 1983లో అమెరికా నౌకాదళంలో చేరిన టికాండరోగా యుద్ధనౌక మీది స్పై-1 రాడార్ అలాంటిదే. కాకపోతే అందులో పవర్ పుట్టేది లోపలున్న పెద్ద ట్యూబుల్లో; అక్కడి నుంచి యాంటెన్నాలకు పంచేవాళ్లు. ఆ తర్వాతి మెట్టు ఏఈఎస్‌ఏ (యాక్టివ్ ఎలక్ట్రానికల్లీ స్కాన్డ్ అర్రే). ఈ రంగంలో వాళ్లు 'ఏసా' అనేస్తారు. ఇందులో ప్రతి బుల్లి యాంటెన్నాకూ వెనక సొంత ట్రాన్స్‌మిటర్, సొంత రిసీవర్ ఉంటాయి. వాటిలో పది చెడిపోయినా రాడార్ గుడ్డిదైపోదు, చూపు కాస్త మందగిస్తుందంతే.

చెప్పడానికి తేలికే. చేయబోతే ఇరుకు, వేడి. యుద్ధ విమానాల రాడార్లు ఎక్కువగా వాడే 10 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. యాంటెన్నాలు అందులో సగం ఎడంతో, అంటే ఒకటిన్నర సెంటీమీటరుకు ఒకటి చొప్పున కూర్చోవాలి. ఆ కాస్త చోటులో ట్రాన్స్‌మిటర్, రిసీవర్, ఫేజ్ మార్చే చిప్పు, ఇవన్నీ పుట్టించే వేడిని బయటికి లాగే దారి, అన్నీ ఇరికించాలి. గాలియం ఆర్సెనైడ్ చిప్పుల చోటును ఇప్పుడు గాలియం నైట్రైడ్ ఆక్రమిస్తున్నది ఇందుకే. అది ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది, అంతే సైజులో కొన్ని రెట్లు ఎక్కువ పవర్ ఇస్తుంది. 2023లో విధుల్లో చేరిన జాక్ హెచ్. లూకస్ యుద్ధనౌక మీది స్పై-6 ఈ తరానిది. రెండడుగుల ఘనాకారపు డబ్బాలను ఇటుకల్లా పేర్చి దాన్ని కట్టారు. పెద్ద రకంలో ఒక్కో ముఖానికి 37 డబ్బాలు, చిన్న రకంలో తొమ్మిదే. రాడార్ జట్టులో అందరికంటే ఎక్కువ గౌరవం దక్కాల్సింది కూలింగ్ చూసే మెకానికల్ వాళ్లకని నా అభిప్రాయం. దక్కదు, అది వేరే విషయం.

ఇక గాలి, నేల, నీరు. 'రాడార్ ఇంజినీర్ అవుతాను' అనే పిల్లలు సాధారణంగా ఈ మూడూ ఒకటే అనుకుంటారు. మూడు చోట్లా ఇంజినీరుకు తలనొప్పి తెచ్చేది వేరు వేరు.

విమానం ముక్కులో చోటు తక్కువ, కరెంటు తక్కువ, పైగా కిందికి చూస్తే నేల మొత్తం ప్రతిధ్వనిస్తుంది. ఆ హోరులోంచి ఎగిరే లక్ష్యాన్ని విడదీసేది డాప్లర్, అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు. ఇక స్టెల్త్, అంటే రాడార్ కంట పడకుండా తప్పించుకునే విద్య, ఉండనే ఉంది. ఆకారాల అంచుల నుంచి తరంగాలు ఎలా చెదిరిపోతాయో సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫీమ్‌త్సెవ్ 1962లో లెక్కగట్టి ప్రచురించాడు. ఆ లెక్కల్ని అందిపుచ్చుకుని ఎఫ్-117 స్టెల్త్ విమానాన్ని తయారు చేసింది అమెరికన్లు. తమాషా ఇక్కడితో అయిపోలేదు. 1999 మార్చి 27న సెర్బియాలో అదే ఎఫ్-117ను కూల్చారు. దాన్ని ముందుగా పసిగట్టిన పి-18 రాడార్ 1970ల నాటి డిజైన్, మీటర్ల పొడవున్న తరంగాలతో పనిచేసేది. స్టెల్త్ ఆకారాలు చిన్న తరంగాలను తప్పించడానికి పుట్టినవి. తరంగం పొడవు రెక్క, తోక భాగాలతో పోల్చదగినంత అయితే ఆ మాయ పలచబడుతుంది. మూలన పడేయాల్సిన రకం అనుకున్న మీటరు తరంగాల రాడార్లను ఇప్పుడు కొత్త ఎలక్ట్రానిక్స్‌తో మళ్లీ కడుతున్నారు. పాతది అన్న మాట ఈ రంగంలో అంత సులువుగా నిలబడదని చెప్పడానికే ఇదంతా.

నేల మీద శత్రువు పేరు క్లటర్, అంటే అక్కర్లేని ప్రతిధ్వనుల గోల. చెట్లు, కొండలు, భవనాలు, వాహనాలు, అన్నీ జవాబిస్తాయి. ఫిరంగి గుండు గాల్లోకి లేచిన మొదటి కొన్ని క్షణాల దారిని చూసి, అది ఎక్కడి నుంచి బయల్దేరిందో గుండు నేల తాకేలోపే వెనక్కి లెక్కగట్టే రాడార్లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఇప్పటి సమస్య డ్రోన్లు. చిన్న డ్రోన్ ప్రతిధ్వని ఒక పక్షిదంతే ఉంటుంది, వేగమూ అంతే. తేడా పట్టిచ్చేది మైక్రో డాప్లర్. రెక్కలు ఆడించే పక్షి ఒక రకం జాడ వదిలితే, గిర్రున తిరిగే ప్రొపెల్లర్ ఇంకో రకం జాడ వదులుతుంది. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు రాడార్ పరీక్షల్లో పనిచేశాను. ఒకసారి మా జట్టు రెండు రోజులు వెంటాడిన అనుమానాస్పద లక్ష్యం చివరికి దూరాన తిరుగుతున్న గాలిమర అని తేలింది. నవ్వు రావడానికి మరో రెండు రోజులు పట్టింది.

సముద్రం మీద చెట్లు లేవు కదా హాయి అనుకుంటారు. అలలు ఉన్నాయి. అవి కదులుతాయి కాబట్టి డాప్లర్‌తో కూడా పూర్తిగా వదిలించుకోలేం. దానికి తోడు భూమి గుండ్రం. యాంటెన్నా నీటికి 25 మీటర్ల ఎత్తున ఉండి, క్షిపణి 4 మీటర్ల ఎత్తున వస్తుంటే, అది కనబడేది దాదాపు 29 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాకే. సెకనుకు 300 మీటర్ల వేగమైతే ఓడకు మిగిలేది ఒకటిన్నర నిమిషం. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్‌ను దెబ్బతీసిన ఎక్సోసెట్ క్షిపణి అలా నీటిని ఒరుసుకుంటూ వచ్చినదే. ఈ లెక్క మీ అమ్మాయి చేత కాగితం మీద చేయించండి. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. సాఫ్ట్‌వేరా, రాడారా అని మీరు రెండు తలుపులు చూస్తున్నారు. లోపలికి వెళ్తే అవి ఒకే గదిలోకి తెరుచుకుంటాయి. ఇప్పటి రాడార్లో యాంటెన్నా, పవర్ చిప్పుల తర్వాత సిగ్నల్ త్వరగానే అంకెలుగా మారిపోతుంది. ఆ పైన జరిగేదంతా ప్రోగ్రామే. నాయిస్‌లోంచి లక్ష్యాన్ని ఏరడం, పది చుక్కల్ని కలిపి ఒక విమానం దారిగా గీయడం, జామింగ్ (శత్రువు కావాలని పంపే రేడియో గోల) వస్తే ఆ దిక్కుకు చెవులు మూసుకోవడం, అన్నీ కోడ్ చేసే పనులే. దారి గీసే పనికి పునాదిగా ఇప్పటికీ వాడుతున్నది రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రతిపాదించిన ఫిల్టర్, అంటే తప్పులున్న కొలతల్లోంచి అసలు దారిని అంచనా వేసే గణిత పద్ధతి. అందుకే ఆమె సి++, పైథాన్ నేర్చుకోవాల్సిందే. ఆ విషయంలో తోటి పిల్లలకంటే వెనకపడే ప్రశ్నే లేదు.

ఏఐ గురించి నా అంచనా చెబుతాను. డ్రోనా పక్షా అని తేల్చే పనిలో అది ఇప్పటికే పనికొస్తోంది, ఇంకా చొచ్చుకొస్తుంది. కానీ దానికి నేర్పడానికి ఉదాహరణలు కావాలి. ఎదుటివాడి కొత్త క్షిపణి ప్రతిధ్వనులు ఎవరూ మనకు పోగేసి ఇవ్వరు. అక్కడ భౌతికశాస్త్రం తెలిసి, ఆ ప్రతిధ్వని ఎలా ఉండాలో లెక్కగట్టగల మనిషి కావాలి. యాంటెన్నా, విద్యుదయస్కాంత తరంగాలు, ప్రాబబిలిటీ బాగా వచ్చిన పిల్లలు తక్కువ. కష్టమని చాలామంది ఆ సబ్జెక్టుల్ని పరీక్ష గట్టెక్కే మేరకే చదువుతారు. మీ అమ్మాయికి ఆ మూడింట్లో మార్కులు ఎలా వస్తున్నాయో మీరు రాయలేదు. నా సలహాలో సగం బరువు దాని మీదే ఉంది. సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ పేరు చెబితే ఆమె ముఖం ముడుచుకునే రకమైతే, ఈ ఉత్తరం మొత్తం వెనక్కి తీసుకుంటాను.

ఇక మీ పావు వంతు. మిలిటరీ రాడార్ పనిని ఏ దేశమైనా ఎక్కువగా తన పౌరులకే ఇస్తుంది, అదీ పూర్వాపరాలు విచారించాక. కాబట్టి వేరే దేశానికి వెళ్లి ఇదే పని చేద్దామనుకుంటే చాలా తలుపులు మూసే ఉంటాయి. చేసిన పనిని పేపర్‌గా ప్రచురించడం, రెజ్యూమేలో వివరంగా రాయడం కుదరకపోవచ్చు. అయిదేళ్లు ఏం చేశావని ఇంటర్వ్యూలో అడిగితే సగం జవాబు మింగేయాలి. ప్రాజెక్టులు ఏళ్ల తరబడి సాగుతాయి, పరీక్షలు ఎడారుల్లో, తీరాల్లో, ఊళ్లకు దూరంగా జరుగుతాయి. ఉద్యోగం ఇచ్చే సంస్థల సంఖ్యా చిన్నదే. ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది మీరు అడగలేదు: ఆయుధ వ్యవస్థలో భాగమయ్యే పని చేయడం ఆమె మనసుకు సమ్మతమేనా? దీనికి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. కొందరికి అది కాపలా పని, కొందరికి కాదు. ఉద్యోగంలో చేరాక తేల్చుకునే విషయం మాత్రం కాదు.

అయినా ఈ చదువు ఒకే ఇంటికి దారి తీసేది కాదు. కొత్త కార్ల బంపర్ వెనక 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఉంటోంది. వాతావరణ రాడార్లు, విమానాశ్రయ రాడార్లు ఉన్నాయి. 2025 జూలై 30న ప్రయోగించిన నాసా, ఇస్రోల నైసార్ ఉపగ్రహం రాడార్‌తోనే నేల సెంటీమీటర్లలో కుంగినా పసిగడుతుంది. వీటన్నిటికీ వెనక గణితం ఒక్కటే. మిలిటరీ గుమ్మం తెరుచుకోకపోతే పక్క గుమ్మాలు ఉన్నాయి, జీతాలకూ లోటుండదు.

డిగ్రీ పేరులో 'రాడార్' ఉన్న కోర్సు కోసం వెతకొద్దని చెప్పండి. పీజీ చేస్తే సిగ్నల్ ప్రాసెసింగ్ గానీ, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ), మైక్రోవేవ్ గానీ తీసుకుంటే చాలు. దానికంటే ముందు ఈ సెలవుల్లో ఒక పని. ఎం.ఐ.టి.లో 2011లో విద్యార్థుల చేత కాఫీ డబ్బాలే యాంటెన్నాలుగా 2.4 గిగాహెర్ట్జ్ రాడార్ కట్టించారు. ఆ పాఠాలు వాళ్ల ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతాయి. సిగ్నల్‌ను లాప్‌టాప్ ఆడియో ఇన్‌పుట్‌లోకే తీసుకుంటారు, కాబట్టి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మొదటిసారి పనిచేయదు, రెండోసారీ చేయకపోవచ్చు. అప్పుడు ఆమె ఏం చేస్తుందో దూరం నుంచి చూడండి, జోక్యం చేసుకోకండి.

పనిచేసిన రోజున దాని ముందు మీరే అటూ ఇటూ నడవండి. తెర మీద మీ నడక ఒక వాలు గీతలా పడుతుంది. పక్కనే అడక్కుండా వచ్చిన గీతలు కూడా కొన్ని కనిపిస్తాయి. అవి ఎక్కడివో ఆమెను అడగండి. ఆ రాత్రి భోజనానికి పిలిస్తే 'వస్తున్నా' అంటూ ఆ గీతల దగ్గరే కూర్చుండిపోతే, ఏ సబ్జెక్టులో పీజీ చేయాలో అడుగుతూ నాకు మళ్లీ రాయమనండి. ఈసారి ఉత్తరం ఆమెనే రాయనివ్వండి.