గెడ్డ వెంట దిగితే దగ్గరేనా?

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం, పలాసలో ఉంటాం. నవంబరు మొదట్లో ఒక ఆదివారం మందస పైనున్న ఒడిశా సరిహద్దు కొండలెక్కి, ఒక సవర గిరిజనుల ఊరి మీదుగా మందస దిగాలనుకున్నాం. ఫోన్‌లో చూస్తే గెడ్డ, అంటే కొండవాగు, నేరుగా కిందకే పోతోంది, దాని పొడవునా మెట్లు మెట్లుగా వరి మడులు. ఇదే దారి అనుకుని గట్ల మీంచి దిగాం. మావాడొకడు దూకినచోట గట్టు జారిపోయి నీళ్ళూ మట్టీ కింద మడిలో పడ్డాయి. ఆ మడి తాలూకు పెద్దాయన తిట్టలేదు గానీ చాలా బాధపడ్డాడు. సారీ చెప్పి వచ్చేశాం, కానీ అది ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. జనవరిలో మళ్ళీ వెళ్దామని ఉంది. ఎటు నుంచి దిగాలి?

జవాబు: ముందు గట్టు సంగతి మాట్లాడుకుందాం, దారి తర్వాత.

మీరు మెట్లనుకున్నవి ఒక్కొక్కటీ ఒక మడి. గెడ్డకి అడ్డంగా రాళ్ళు పేర్చి, వెనకాల మట్టి నింపి, చదును చేసి సవరలు తరతరాలుగా కట్టుకుంటూ వచ్చినవి. రాళ్ళ మధ్య సిమెంటు ఉండదు, రాయిని ఆనుకుని రాయి నిలబడుతుంది. కొన్నిచోట్ల గోడ మనిషెత్తు ఉంటుంది, దాని వెనక మడి చూస్తే రెండు నులక మంచాలు పట్టేంత. ఆ రెండు మంచాల జాగా కోసం ఎన్ని రాళ్ళు మోశారో ఒకసారి ఊహించుకోండి. పై మడిలో నిండిన నీరు ఒక మూల వదిలిన సందులోంచి కింద మడికి, అక్కణ్ణించి దాని కిందకి, ఊట దగ్గర మొదలై ఆఖరి మడి దాకా అలా పారుతూ వస్తుంది, కాబట్టి పైన ఒక గట్టు తెగితే నష్టం ఆ ఒక్క మడితో ఆగదు. నవంబరంటే వరి వెన్నులు వంగి గింజ గట్టిపడే రోజులు. అప్పుడు మట్టి నీళ్ళు మీద పడితే పైరు పడిపోతుంది, పడిపోయిన గింజ తడిసి అక్కడే మొలకెత్తుతుంది.

ఒకసారి ఆగస్టులో ఆ కొండల్లో ఒకావిడ గట్టు పొడవునా వంగి నడుస్తుంటే ఏం వెతుకుతోందో అర్థంకాక నిలబడి చూశాను. పీతలు చేసిన కన్నాలు. కనబడిన ప్రతి కన్నంలోనూ వేలు పెట్టి లోతు చూసి, పిడికెడు బంకమట్టి పిసికి కుక్కి, మడమతో రెండుసార్లు నొక్కి, ఇంకో అడుగు ముందుకి. ఇంత చిన్న కన్నానికి ఇంత పనా అమ్మా అని అడిగితే, "రాత్రికి వేలంతే ఉంటది బాబూ, తెల్లారికి గట్టే ఉండదు" అంది. అలాంటి గట్టు మీదకి డెబ్బై కిలోల మనిషి బ్యాగుతో దూకాడు మరి.

అందుకని నా సలహా ఏంటంటే, జనవరిలో నడక కంటే ముందు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. కోతలు అయిపోయి మడులు ఆరి ఉంటాయి, కూలిన రాతికట్లు మళ్ళీ పేర్చుకోవడానికి వీలుగా ఉండే రోజులవి. ఏ గట్టు మీ వల్ల పోయిందో అడిగి, నలుగురూ ఒకపూట రాళ్ళు అందించండి. పంట ఎంత పోయిందో అడిగి అదీ ఇవ్వండి. ఊరికే నోట్లు చేతిలో పెట్టి వచ్చేస్తే నాకు నచ్చదు, మీకూ మనసు కుదుటపడదు.

ఇక దారి. ప్రతి కొండ ఊరికీ సంతకి దిగే దారి ఒకటి ఉంటుంది. చింతపండు, కొండచీపుర్లు, పసుపు కావిడి వేసుకుని దిగే దారి. అది గెడ్డలోంచి పోదు, గెడ్డకి ఒక పక్కన కొండ వాలు మీద మెలికలు తిరుగుతూ దిగుతుంది, బరువుతో దిగేవాళ్ళ కాళ్ళు వేసిన దారి కాబట్టి మరీ నిటారుగా ఉండదు. ఊళ్ళో "మందసకి దగ్గర దారేది?" అని అడక్కండి, మీ మీద జాలిపడి అడ్డదారి చూపిస్తారు. "సంతకి ఏ దారిన దిగుతారు?" అని అడగండి. వీలైతే ఆ ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి వెంట రమ్మని, ఆ రోజు కూలి ముందే మాట్లాడుకోండి.

గెడ్డ వెంట దిగడంలో ఇంకో ప్రమాదం ఉంది, అది నేను పడ్డదే. మడులు అయిపోయాక గెడ్డ సన్నబడి రెండు బండల మధ్యకి దూరింది, నేనూ దూరాను. ఇరవై అడుగులు నడిచేసరికి నీళ్ళు అంచు దాటి కిందకి పడుతున్న చప్పుడు, ముందు నేల లేదు. నాచు పట్టిన ఆ బండ మీద వెనక్కి తిరగడానికే అరగంట పట్టింది. ఫోన్‌లో నీలం గీత మాత్రం తిన్నగా మందస చెరువుల వైపు పోతూనే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా దిగడం మొదలుపెట్టండి. మన శ్రీకాకుళం వైపు చలికాలంలో ఐదున్నరకే పొద్దు కుంకుతుంది, గెడ్డ లోయలోకి అంతకంటే ముందే నీడ పడుతుంది. కింద జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక ఆ తోటల్లో నడవొద్దు, పగలైనా పొదలు దట్టంగా ఉన్నచోట గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అని వింటే మాత్రం ప్రయాణం మానుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం కొబ్బరి ఎలా నేలకూలిందో మనం చూశాం. అదే తుఫానుకి అవతల ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు, విజయనగరం. ఎక్కేటప్పుడు ఏం కాదు, దిగేటప్పుడే మోకాళ్ళు వణుకుతాయి, మర్నాడు తొడలు పట్టేస్తాయి. నేను కొండలు మానేయాలా?

జవాబు: తొడలు పట్టేయడం దిగే ప్రతివాళ్ళకీ ఉండేదే. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే మన బరువుని ఆపాలి, ఆ పని దానికి రోజూ అలవాటు లేదు. ఒకటి రెండు రోజులు నొప్పి బాగా ఉండి, మెల్లగా తగ్గిపోతుంది. నెలముందు నుంచి మెట్లు ఎక్కడం కాదు, నెమ్మదిగా దిగడం అలవాటు చేసుకోండి. చేతికర్ర తీసుకెళ్ళండి, చిన్న అడుగులు వేయండి, మోకాలు కొంచెం వంచే ఉంచండి. కాలిగోళ్ళు కత్తిరించుకుని, లేసులు చీలమండ దగ్గర బిగించండి, లేకపోతే వేళ్ళు బూటు ముందుకి కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి. మోకాలు వాస్తున్నా, మధ్యలో పట్టు తప్పుతున్నా మాత్రం డాక్టరుకి చూపించుకున్నాకే వెళ్ళండి.

ప్రశ్న: కొండ గెడ్డ నీళ్ళు తాగొచ్చా?

జవాబు: మడుల కింద గెడ్డలో వద్దు. పైన పశువులు దిగుతాయి, మడుల్లోని ఎరువు కొట్టుకొస్తుంది. ఊరివాళ్ళు బిందెలు ముంచుకునే ఊట దగ్గర, వాళ్ళని అడిగి నింపుకోండి, అవి కూడా కాచి తాగితేనే మంచిది. మనిషికి రెండు లీటర్లు ఇంటి నుంచే మోసుకెళ్ళండి. ఖాళీ సీసాలు తిరిగి మందస దాకా మీ బ్యాగులోనే రావాలి.