సియోల్‌లో ఉండేవాళ్లకు ఉత్తర కొరియా భయం ఉండదా? ఇన్ని చర్చలు జరిగినా గొడవ ఎందుకు తేలదు?

మీ తమ్ముడికి సియోల్‌లో ఎమ్మెస్ సీటు వచ్చిందనీ, టీవీలో మిసైళ్ల వార్తలు చూసి అమ్మగారు వద్దంటున్నారనీ రాశారు. నేను 2021 నుంచి సియోల్‌లోనే ఉంటున్నాను. అంతకుముందు పెనుకొండలో కియా ప్లాంట్ కడుతున్న రోజుల్లో ఒక సప్లయర్ కంపెనీలో కొరియన్లకీ మనవాళ్లకీ మధ్య మాటలు అటూ ఇటూ చేర్చే పని చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, పంపించండి. అయితే ఇక్కడ భయమే లేదని మాత్రం అమ్మగారికి చెప్పకండి.

2023 మే 31, పొద్దున్న. సైరన్ మోగింది, కాసేపటికి, 6:41కి, ఫోను గట్టిగా అరిచింది. "ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండండి, పిల్లల్నీ వృద్ధుల్నీ ముందు పంపండి" అని కొరియన్‌లో మెసేజ్. ఎందుకో లేదు, ఎక్కడికి పోవాలో లేదు. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని బయటికొస్తే ఎదురింటి పెద్దావిడ అప్పటికే చెప్పులేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది, ఒక చేతిలో నీళ్ల బాటిల్, ఇంకో చేతిలో బీపీ మందుల కవరు. "ఎటు పోవాలి?" అని నన్నడిగింది. ఆవిడ పుట్టి పెరిగిన ఊరు, నేను వచ్చి రెండేళ్లు కాలేదు, ఇద్దరికీ తెలియదు. ఇరవై రెండు నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్, ఇందాకటిది పొరపాటున వచ్చిందని. ఉత్తర కొరియా ఉపగ్రహం పంపబోయింది, రాకెట్ సముద్రంలో పడిపోయింది, అంతే జరిగింది. ఎనిమిదింటికల్లా మెట్రోలో ఎప్పటిలాగే కాలు పెట్టే చోటు లేదు. బయటివాళ్లకి ఆ మెట్రో కనిపిస్తుంది, కొరియన్లకి భయమే లేదనుకుంటారు. నాకు మాత్రం ఆ మందుల కవరే గుర్తుంది.

సియోల్ నడిబొడ్డు నుంచి సరిహద్దు దాదాపు 50 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి భువనగిరి వెళ్లినంత. దేశ జనాభాలో సగం ఈ చుట్టుపక్కలే ఉంటుంది. అవతలి శతఘ్నులు నగరం వైపే గురిపెట్టి ఉంటాయి. అణుబాంబు సంగతి తర్వాత, మామూలు ఫిరంగులతోనే మొదటి గంటల్లో ఘోరం జరిగిపోతుంది. అందుకే ఇక్కడ ఎవరూ "ఒక్క దెబ్బతో తేల్చేద్దాం" అని తేలిగ్గా అనరు. మన టీవీ డిబేట్లలో ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక గొడవ ఎందుకు తేలదంటే, కాగితం మీద రెండు కొరియాల యుద్ధం ముగియలేదు. 1953 జులై 27న కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే. దాని మీద ఐక్యరాజ్యసమితి దళాల తరఫున అమెరికా జనరల్, ఉత్తర కొరియా, చైనా పక్షాలు సంతకాలు చేశాయి. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ఒప్పుకోలేదు, వాళ్ల సంతకం లేదు. శాంతి ఒప్పందం ఇప్పటిదాకా రాలేదు. దాంతో ఉత్తరం చాలాసార్లు "మాట్లాడితే అమెరికాతోనే" అంటుంది. ఇక్కడ 28,500 మంది అమెరికా సైనికులున్నారు, యుద్ధమే వస్తే ఉమ్మడి సేనల మీద అధికారం కూడా అమెరికా జనరల్‌దే. అంటే ఇల్లు తగలబడితే కాలిపోయేది వీళ్లు, మాట్లాడే కుర్చీలో ముందు కూర్చునేది వేరేవాళ్లు.

2018 ఏప్రిల్ 27 నాకు బాగా గుర్తు. మన టైం పొద్దున్న ఆరింటికి పెనుకొండ గెస్ట్‌హౌస్‌లో కొరియన్ ఇంజినీర్లందరూ ఒక ఫోను చుట్టూ మూగారు. సరిహద్దులోని పాన్‌ముంజంలో ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్ సరిహద్దు గుర్తుగా ఉన్న సిమెంటు గట్టు దాటి దక్షిణం వైపు అడుగుపెట్టాడు, తర్వాత దక్షిణ కొరియా అప్పటి అధ్యక్షుడు మూన్ జే ఇన్ చెయ్యి పట్టుకుని అటు తీసుకెళ్లాడు. మా టీమ్ పెద్దాయన ఒకరు, ఆయన తండ్రి ఉత్తరాన హ్వాంగ్‌హే నుంచి యుద్ధంలో వచ్చేసినవాడు, స్పూన్ గిన్నెలో వదిలేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. సూప్ చల్లారిపోయింది. "నాన్న ఉంటే బాగుండేది" అన్నాడు, అంతకంటే ఏమీ అనలేదు. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో ట్రంప్, కిమ్ భోజనం కూడా చెయ్యకుండా లేచిపోయారు. యోంగ్‌బ్యోన్ అణుకేంద్రం మూసేస్తాం, ముఖ్యమైన ఆంక్షలు ఎత్తేయండని ఉత్తర కొరియా, అది చాలదని అమెరికా. 2020 జూన్‌లో తన కేసోంగ్ పట్టణంలో ఉన్న రెండు కొరియాల ఉమ్మడి ఆఫీసును ఉత్తరం పేల్చేసింది. 2024 మొదలయ్యేసరికి దక్షిణం తమకు ప్రధాన శత్రువనీ, ఏకీకరణ మాటే వద్దనీ కిమ్ తేల్చి చెప్పేశాడు.

నన్నడిగితే ఇవన్నీ ఒక ఎత్తు, హాట్‌లైన్ ఒక ఎత్తు. రెండు వైపుల అధికారుల మధ్య రోజూ పొద్దున్న 9కి, సాయంత్రం 5కి ఫోను మాట్లాడుకునే పద్ధతి ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి అవతల ఎత్తడం మానేశారు. ఒకే నగరంలో, సొంత మనుషుల మధ్య ఒక తప్పుడు మెసేజ్ సరిదిద్దడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. రెండు సైన్యాల మధ్య పొగమంచులో ఒక డ్రోనో, దారి తప్పిన పడవో కనిపిస్తే ఎవరికి ఎవరు చెప్పాలి? అమెరికా ఆధ్వర్యంలోని ఐక్యరాజ్యసమితి కమాండ్‌కి పాన్‌ముంజంలో వేరే ఫోను లైన్ ఉంది, కానీ అది దక్షిణ కొరియా చేతిలో లేదు. అణు నిరాయుధీకరణ అంటూ పెద్ద పెద్ద మాటల దగ్గరే చర్చలు ఆగిపోతుంటే నాకు దిగులేస్తుంది. ముందు ఆ ఫోను ఎత్తించాలి.

చిన్న అడుగు పనిచేస్తుందని కళ్లారా చూశాం కూడా. 2024లో ఇటునుంచి కొందరు కిమ్‌ను విమర్శించే కరపత్రాల బెలూన్లు వదిలితే అటునుంచి చెత్త బెలూన్లు వచ్చాయి. వీళ్లు సరిహద్దులో ప్రచారానికి లౌడ్‌స్పీకర్లు పెడితే వాళ్లు రాత్రంతా వికారమైన శబ్దాలు పెట్టారు, సరిహద్దు పక్కనున్న గాంగ్‌హ్వా దీవిలో జనానికి నెలల తరబడి నిద్ర లేదు. 2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం రాగానే ఇటు స్పీకర్లు ఆపేశారు. మర్నాడే అటు చప్పుడు ఆగింది. శిఖరాగ్ర సమావేశం లేదు, సంతకం లేదు, ఆ ఊళ్లో మనుషులు పడుకున్నారు.

తమ్ముడు రాగానే మూడు పనులు చేయమనండి. భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ప్రభుత్వ ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోవాలి, ఇంగ్లిష్‌లో కూడా ఉంది. ఉండే చోటుకి దగ్గర్లో షెల్టర్ ఏదో, చాలావరకు అది మెట్రో స్టేషనో అపార్ట్‌మెంట్ కింది పార్కింగో అవుతుంది, మొదటి వారంలోనే నడిచి వెళ్లి చూసి రావాలి. మా ఎదురింటావిడా నేనూ ఆ ఆదివారమే వెళ్లి చూసొచ్చాం. ఆవిడ నడకకి ఏడు నిమిషాలు పట్టింది.