పావుగంటలో తగ్గిపోయిందని ఊరుకోకండి

ప్రశ్న: మా నాన్నగారి వయసు 66. పన్నెండేళ్లుగా షుగరు, ఎనిమిదేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. బీపీ నార్మల్‌గా ఉందని రెండు నెలలుగా ఆ మాత్ర మానేశారు. ఆరు నెలలుగా మతిమరుపు ఎక్కువైంది. కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండదు, చెప్పిందే మళ్లీ చెబుతున్నారు. పది రోజుల క్రితం పొద్దున కాఫీ తాగుతుంటే గ్లాసు కుడి చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో సర్దుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నీరసం అని సెలైన్ ఎక్కించి, బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. నరాల బలహీనతకు, జ్ఞాపకశక్తికి మంచి మాత్రలు చెప్పగలరా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు అడిగింది మతిమరుపు గురించి. నా చూపు మాత్రం ఆ కాఫీ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. మీ నాన్నగారిని ఇంకా పెద్దాసుపత్రిలో చూపించకపోతే మిగతా జవాబు దారిలో చదువుకోండి. ఈరోజే బయలుదేరండి. న్యూరాలజిస్టు దొరికితే మంచిదే. దొరకకపోతే స్కానింగ్ సౌకర్యం ఉన్నచోట ఫిజీషియన్ చూసినా సరే.

కుడి చేయి, మాట ఒకేసారి దెబ్బతిన్నాయంటే మెదడు ఎడమ భాగానికి రక్తం కొద్దిసేపు అందక, మళ్లీ అంది ఉండవచ్చు. దీన్ని మేము టీఐఏ అంటాం. బయట మినీ స్ట్రోక్ అంటున్నారు. ఆ ‘మినీ’ అన్న మాటే కొంప ముంచుతోంది. మనిషిని చూడకుండా ఇదేనని నేను తేల్చి చెప్పలేను. షుగరు బాగా పడిపోయినా, కొన్ని రకాల ఫిట్స్ వచ్చినా ఇలా కనిపించవచ్చు. కానీ 66 ఏళ్లు, షుగరు, మానేసిన బీపీ మాత్ర ఇవన్నీ కలిపి చూస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే. నీరసంతో ఒక చేయి మాత్రమే పడిపోదు. నీరసం వస్తే రెండు చేతులకూ వస్తుంది.

ఇలా వచ్చి పోయినవారికి తర్వాతి మూడు నెలల్లో అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఉంటుంది. అలా వచ్చేవాటిలో దాదాపు సగం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. మీ నాన్నగారికి ఆ రెండు రోజులూ గడిచాయి, సంతోషం. ముప్పు తగ్గింది గానీ పోలేదు. ఆ ఉదయం సెలైన్ సీసా పెట్టడానికి పట్టిన సమయంలో బీపీ, షుగరు చూసి, ఒక ఈసీజీ తీయించి పంపినా ఎంతో మేలు జరిగేది. ఇంజెక్షన్ వల్ల తగ్గిందని మీ ఇంట్లో అనుకుంటున్నారేమో. ఇంజెక్షన్ చేసేటప్పటికే తగ్గిపోయింది, మీ ఉత్తరంలోనే ఉంది.

ఆలస్యం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మన్నించండి. కిందటి నెల ఒక పెద్దాయనను ఉదయం పదిన్నరకు మా దగ్గరికి తెచ్చారు. తెల్లవారుజామున లేచేసరికి ఎడమ చేయి, కాలు ఆడలేదట. ఒత్తిగిలి పడుకున్నందువల్ల తిమ్మిరెక్కిందనుకుని కొబ్బరినూనెలో కర్పూరం కలిపి మర్దన చేశారు. తర్వాత ఎవరో పసరు వైద్యుడి ఊరు చెప్పారు. కారు మాట్లాడేలోగా మరో గంట. నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?’ భార్య, ఇద్దరు కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి పాలు తాగి పడుకున్నారని చివరికి మనవరాలు చెప్పింది.

ఆ చివరి సమయం మాకు ఎందుకు కావాలంటే, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అదీ మెదడుకు సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాకే. లెక్క మొదలయ్యేది లక్షణం మీ కంటపడినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. పెద్ద నాళం మూసుకుపోతే కొందరిలో 24 గంటల దాకా గడ్డను బయటికి లాగే అవకాశం ఉంది. అయితే అది అందరికీ కుదరదు, అన్ని ఊళ్లలోనూ దొరకదు. కాబట్టి మూతి వంకరపోయినా, చేయి జారినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, నడకలో తూలినా గడియారం చూసి సమయం రాసుకుని 108కి ఫోను చేయండి. అంతలోనే తగ్గిపోయినా సరే, బండి వెనక్కి పంపకండి. నోట్లో నీళ్లు, మాత్రలు పోయవద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేయడం మరీ ప్రమాదం.

ఆస్పిరిన్ కూడా మీ అంతట మీరు మొదలుపెట్టకండి. కారణాన్ని బట్టి మందు మారుతుంది. మెడలోని రక్తనాళం కొవ్వు పేరుకుని సన్నబడిందా, గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల అక్కడ గడ్డ కట్టి పైకి వెళ్లిందా అనేది తేలాలి. అందుకే స్కానింగ్‌తో పాటు మెడ డాప్లర్ (మెడ రక్తనాళాల స్కాన్), ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) అడుగుతారు. కొందరికి రోజంతా ఈసీజీ రికార్డు చేయవలసి వస్తుంది. ‘మనిషి నడుస్తున్నాడు, ఇన్ని పరీక్షలెందుకు’ అని వాదించకండి. నడుస్తున్నప్పుడే చేయాలి.

ఇక బీపీ మాత్ర. నార్మల్‌గా ఉన్నది మాత్ర వేసుకుంటున్నందువల్ల. గట్టు వేశాక చేలోకి నీళ్లు రావడం లేదని గట్టు తవ్వేసే రైతు ఉంటాడా? మీ నాన్నగారిని ఏమీ అనకండి, ఈ పని చేసేవారు నా ఓపీలో రోజూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లలో కిందటేడు రిటైరైన సైన్సు మాస్టారూ ఒకరు. ఈరోజే బీపీ కొలిపించండి. పాత మోతాదే వేయాలో మార్చాలో చూసిన డాక్టరు చెబుతారు.

మతిమరుపు సంగతి తర్వాత. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చు, దానివల్ల మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు రావచ్చు. కాబట్టి బీ12, థైరాయిడ్ చూపించండి. ఇప్పటికే ఇంజెక్షన్ చేశారు కనుక బీ12 విలువ ఎక్కువగా కనిపించవచ్చు, ఆ విషయం అక్కడ చెప్పండి. బీపీ, షుగరు వల్ల మెదడులోని సన్నని నాళాలు దెబ్బతిన్నా మతిమరుపు వస్తుంది. నిద్ర, దిగులు, వినికిడి కూడా అడిగి తెలుసుకోవలసినవే. జ్ఞాపకశక్తి మాత్రల పేర్లు మాత్రం నేను రాయను. కారణం తెలియకుండా వేసే మాత్ర మీ జేబుకు తప్ప ఎవరికీ బరువు తగ్గించదు.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ఆయన మానేసిన ఆ బీపీ మాత్ర అట్టతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ ఉదయం ఆయన పక్కన ఉన్నది అమ్మగారైతే ఆవిడను కూడా తీసుకెళ్లండి. గ్లాసు జారినప్పుడు మూతి కూడా వంకరపోయిందో లేదో చెప్పగలిగిన మనిషి ఆవిడే కదా.