పెన్‌డ్రైవ్‌తో లినక్స్ నడిపితే పిల్లాడు దారి తప్పినట్టా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి, విండోస్ కాకుండా ఇంకేదో ఆన్ చేస్తున్నాడు. నల్లటి స్క్రీన్ మీద అక్షరాలు పరిగెడుతుంటే భయమేసి ఆ పెన్‌డ్రైవ్ లాక్కుని బీరువాలో పెట్టాను. ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరతానంటున్నాడు. ఆరు నెలలకు 90 వేలు. క్లౌడ్ మేలని మా బావమరిది అంటున్నాడు. ఏది మంచిది?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: లాప్‌టాప్‌కి ఏమైనా అవుతుందేమోనన్న భయం మీ ఉత్తరంలో పైకి కనిపిస్తోంది. వాడు చేయి జారిపోతున్నాడేమోనన్న టెన్షన్ దాని అడుగున ఉంది. నెలకు రెండు మూడు ఇళ్ల నుంచి ఇదే మాట వింటుంటాను.

మీరు చూసింది లినక్స్ ఆన్ అవుతున్న దృశ్యం. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్ అది. అందులో ఉబుంటు లాంటి ఒక రకాన్ని నెట్‌లో ఉచితంగా దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే (హెచ్‌పీ అయితే ఎఫ్9) దేనితో మొదలుపెట్టాలో అడుగుతుంది. ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుంటే అంతా ర్యామ్‌లోనే, అంటే ఆఫ్ చేయగానే ఖాళీ అయ్యే తాత్కాలిక మెమరీలోనే నడుస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే మీ విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పొరపాటున ‘ఇన్‌స్టాల్’లోకి వెళ్లి డిస్క్ మొత్తం చెరిపేస్తే మాత్రం నష్టం.

కిందటేడు ఒకమ్మాయి వాళ్ల నాన్న పాత లాప్‌టాప్ తెచ్చింది. విండోస్ లేవడం లేదు. ఎరువుల దుకాణం లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నా బల్ల మీదే పెన్‌డ్రైవ్ పెట్టి, ఉబుంటు తెరిచి, ఆ ఫోల్డర్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసింది. ఇరవై నిమిషాలు పట్టిందేమో. ఆ పని ఆమెకు ఏ కోచింగ్‌లోనూ చెప్పలేదు.

మీ వాడూ ఎవరూ చెప్పకుండానే అంత దూరం వచ్చాడు. మీరేమో లాక్కుని బీరువాలో పెట్టారు. కోప్పడుతున్నాననుకోకండి, కానీ ఇది తప్పండీ. ‘ఏం చేస్తున్నావురా, నాకూ చూపించు’ అని ఒక్క మాట అడగాల్సింది. రేపు నిజంగా ఏదైనా చిక్కులో పడితే వాడు మీ దగ్గరికి రావాలా, మీకు తెలియకుండా దాచాలా?

ఇక ఆ 90 వేల కోర్సు. ఎథికల్ హ్యాకింగ్ అంటే యజమాని అనుమతితో సిస్టమ్‌లోని లొసుగులు వెతకడం. నాకు దాని మీద నమ్మకం లేదు. ఈ పని కోసమే తయారుచేసిన కాలీ లినక్స్‌లో నాలుగు టూల్స్ నడిపించి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టేవే ఎక్కువ చూశాను. లినక్స్ కొత్తవాళ్లకు కాలీ తగదని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఫైళ్ల పర్మిషన్లు, నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుంది, సర్వర్ లాగ్ (సర్వర్‌లో ఏం జరిగిందో రాసుకునే చిట్టా) ఎలా చదవాలి అన్నవి రానివాడికి ఆ టూల్ చూపించే ఫలితం అర్థం కాదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. పైగా సరదాకి కాలేజీ వైఫై మీదో, పక్కవాడి అకౌంట్ మీదో అనుమతి లేకుండా ప్రయత్నిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఈ సంగతి కోర్సు బ్రోచర్‌లో ఉండదు, మీరు చెప్పండి.

క్లౌడా (నెట్ ద్వారా వాడుకునే సర్వర్లను నడిపే పని), సెక్యూరిటీనా (ఎథికల్ హ్యాకింగ్ ఇందులో భాగమే) అంటే, రెండింటికీ పునాది లినక్సే. క్లౌడ్‌లో నడిచే సర్వర్లలో చాలా భాగం దాని మీదే ఉన్నాయి. ఫ్రెషర్‌కి నేరుగా సెక్యూరిటీ ఉద్యోగాలు తక్కువ, దొరికినవాటిలో నైట్ షిఫ్టులు ఎక్కువ. ఏడాది పాటు లినక్స్, నెట్‌వర్కింగ్, కాస్త పైథాన్ చేయనివ్వండి. మూడో సంవత్సరంలో వాడే తేల్చుకుంటాడు. ఇప్పుడే తేల్చకపోతే మునిగిపోయేదేమీ లేదు.

మీ అబ్బాయి బాగానే ఉన్నాడు. రాత్రిళ్లు రీల్స్ చూస్తూ గడిపే వయసులో కంప్యూటర్ లోపల ఏముందో చూడాలనుకుంటున్నాడు. ఆ ఆసక్తి డబ్బు పోసినా దొరకదు.

ఈ రాత్రికే పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయండి. ఒక్కటి మాత్రం అడగండి: విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందా? ఉంటే, ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సిస్టమ్‌నే అనుమతించే సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే విండోస్‌లోని ఫైళ్లు తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాయమనండి. బీరువాలో పెట్టాల్సింది ఆ కాగితాన్ని.